క్లిక్ తర్వాత కొసరు

అష్టోత్తరం సెట్టు

మొన్న ఆదివారం మా మేనల్లుడు ఇంటికొచ్చాడు. ముప్పై దాటినవాడు. హైదరాబాదులో ఒక షోరూమ్‌లో పదేళ్ళు పనిచేసి, ఇప్పుడు పెదకూరపాడులో సొంతంగా కార్ల షెడ్డు పెడుతున్నాడు. ఫోన్ తీసి నా ముందు పెట్టి, "మామయ్యా, ఈ సెట్టు చూడు. నూట ఎనిమిది ముక్కలంట, ఆఫర్లో ఉంది. కొనెయ్యనా?" అన్నాడు.

నూట ఎనిమిది అనగానే నాకు నవ్వొచ్చింది. అష్టోత్తరం చదువుతూ ఒక్కో నామానికి ఒక్కో ముక్క పక్కన పెట్టుకోవడానికైతే లెక్క సరిగ్గా సరిపోతుంది. కార్లు బాగుచెయ్యడానికి మాత్రం అందులో పాతిక ముక్కలకు మించి చేతికి రావు. ఆ పాతికలో సగం ఏడాది తిరక్కముందే అరిగి నున్నగా అయిపోతాయి. ఆ మాటే చెప్పాను. "అయితే మొత్తం ఖరీదైనవే కొనమంటావా?" అన్నాడు కొంచెం కోపంగా. అదీ వద్దన్నాను. వాడికి చిరాకెత్తింది. "ఏదో ఒకటి చెప్పు మామయ్యా, చౌకవా, మంచివా?"

వాడికి చెప్పిన సమాధానమే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఎందుకంటే ఆ సమాధానం నాకు తెలియడానికి నలభై ఏళ్ళు పట్టింది. నరసరావుపేటలో సందుకు ఇద్దరు కోటేశ్వరరావులు ఉంటారు. వాళ్ళలో నేను షెడ్డు కోటిని. పోయినేడాది మోకాళ్ళు మొరాయించడంతో షెడ్డు మూసేశాను. సర్టిఫికెట్ల గురించీ లైసెన్సుల గురించీ నేను చెప్పేదేమీ లేదు, అవి ఆఫీసుల్లో కనుక్కోండి. చేతిలో పట్టుకునే వస్తువుల గురించీ, వాటిని పట్టుకోవడం నాకు నేర్పిన మనుషుల గురించీ చెబుతాను.

మస్తాన్ మేస్త్రి పెట్టె

నేను పని నేర్చుకున్నది మస్తాన్ మేస్త్రి దగ్గర. పొట్టి మనిషి, గళ్ళ లుంగీ, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక కొత్త నట్టు. ఆ నట్టు ఏ బండిదీ కాదు. పానాలు కొనడానికి కొట్టుకు వెళ్ళినప్పుడు దాన్ని తీసి, కొత్త పానాకు తగిలించి అటూ ఇటూ కదిపేవాడు. టకటకమని ఆడితే పానా వెనక్కి పెట్టేసేవాడు. పెట్టె మీద ఏ పేరు ఉందో, ఏ దేశం బొమ్మ ఉందో చూసేవాడు కాదు. ఆయనకు తెలుగు అక్షరాలే అంతంతమాత్రం, ఇంగ్లీషు అసలు రాదు. అయినా మా జిల్లాలో పానాల గురించి ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నేను ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను.

ఆయన పెట్టెలో సామాను చూస్తే కొత్తవాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు. రింగు పానాలు మెరుస్తూ, ఒక్కొక్కటీ గుడ్డలో చుట్టి ఉండేవి. పక్కనే సుత్తులేమో సంతలో కొన్నవి, ఉలులేమో పాత స్ప్రింగు పట్టీని కొలిమిలో కాల్చి సాగదీయించినవి, జాకీ రాడ్డేమో ఎక్కడో దొరికిన ఇనప గొట్టం. ఒకసారి అడిగేశాను, ఇదేం పొంతన లేని సంసారం మేస్త్రీ అని.

"ఒరే కోటీ, సుత్తి పగిలితే ఏం పోద్ది? సుత్తే పోద్ది. పానా జారితే నట్టు పోద్ది, నట్టు పోతే బండి పోద్ది, ఆపైన నీ ఏలు పోద్ది. దేనికి ఖర్చు పెట్టాల్నో నువ్వే చెప్పు" అన్నాడు.

ఇంతకంటే బాగా ఈ విషయం చెప్పినవాణ్ణి నేను చూడలేదు. ఫోన్‌లో వీడియోలు పెట్టేవాళ్ళు గంటసేపు మాట్లాడినా చివరికి ఇక్కడికే వస్తారు. నట్టు పలకల మీద కూర్చుని బలం మోసేవి, అంటే రింగు పానాలు, నట్టుకి టోపీలా తొడిగే ఆరు పలకల సాకెట్లు, స్టార్ స్క్రూ డ్రైవర్లు, బ్రేకు పైపు నట్లు విప్పే పానా, ఇవి మంచివి కొనండి. దెబ్బలు తినేవి, వంచుకునేవి, అరగదీసి రూపం మార్చుకునేవి చౌకవి కొనండి. ఇరుకులో ఉన్న బోల్టు కోసం పానాని కాల్చి వంచాల్సి వస్తుంది. ఖరీదైన పానాని వంచడానికి ఎవరికీ మనసొప్పదు. చౌక పానా అందుకే పుట్టింది, దాన్ని చిన్నచూపు చూడకండి. నా షెడ్డులో అలా వంచిన పానాలు ఒక డబ్బా నిండా ఉండేవి, ఒక్కోదానికి ఒక్కో బండి పేరు పెట్టుకున్నాం.

శెట్టిగారి ప్రశ్న

సామాను కొనేది సుబ్బయ్య శెట్టిగారి కొట్లో. మా ఊరి బజారులో ఇనప సామాన్ల కొట్టు. వ్యాపారస్థుల్ని తిట్టడం మన మెకానిక్కులకు అలవాటు. నేనూ చాలామందిని తిట్టాను. శెట్టిగారిని మాత్రం ఒక్కనాడూ ఒక్క మాట అనలేకపోయాను.

ఎవరు వెళ్ళి పానా అడిగినా ఆయన మొదట అడిగేది ఒకటే ప్రశ్న. "పొలానికా, షెడ్డుకా?" ఒకరోజు వెల్దుర్తి వైపు నుంచి ఒక ఆసామి వచ్చాడు. మెళ్ళో గొలుసు, చేతికి కడియం. "శెట్టీ, నీ కాడ ఉన్నదాంట్లో బాగా ఖరీదైంది తియ్యి" అన్నాడు. శెట్టిగారు కదల్లేదు. "దేనికి రెడ్డీ?" అన్నాడు. బోరు మోటారు నట్లు బిగించడానికట. "ఏడాదికి రెండుసార్లు తిప్పుతావ్. ఆపైన చేలో పారేసుకుంటావ్. ఇది తీసుకో" అని చౌకది చేతిలో పెట్టాడు. ఆ ఆసామికి పరువు తక్కువైనట్టుంది, గొణుక్కుంటూ పోయాడు. అదే శెట్టిగారు, నేను షెడ్డు పెట్టిన కొత్తలో చౌక సాకెట్ల సెట్టు అడిగితే, ఉండి కూడా తియ్యలేదు. "నీకియ్యను. రోజూ తిప్పేవాడివి. ఒక్కోటే కొనుక్కో, పదో నంబరు, పన్నెండు, పధ్నాలుగు, పదిహేడు, పందొమ్మిది. ముందు ఈ అయిదూ చాలు" అన్నాడు. ఎక్కువ అమ్మి ఎక్కువ సంపాదించే దారి ఎదురుగా ఉండి కూడా, మనిషిని చూసి, అతని పనిని చూసి అమ్మాడు. అలాంటి కొట్టు మీ ఊళ్ళో ఉంటే ఆన్‌లైన్‌లో వెతక్కండి. వెళ్ళి ఆ బల్ల ముందు నిలబడండి.

శెట్టిగారి దగ్గర ఇంకో అలవాటు ఉండేది. అది ఆయనొక్కడిదే కాదు, మా బజారు మొత్తానిది. మేకులు తూచి, ముల్లు సమంగా నిలబడ్డాక, ఇంకో చిటికెడు మేకులు తీసి పొట్లంలో వేసేవాడు. కొసరు. మల్లెపూలైనా, మిరపకాయలైనా, మేకులైనా, కొసరు వెయ్యకుండా ఇచ్చే కొట్టుకి మా వైపు ఎవరూ రెండోసారి వెళ్ళరు. తూకం ప్రకారం ఇచ్చినవాడు పిసినారి, తూకం దాటి ఇచ్చినవాడు మంచివాడు. మాకు ఉగ్గుపాలతో వచ్చిన లెక్క అది.

ఈ మాటని మస్తాన్ మేస్త్రి షెడ్డులోకి తెచ్చాడు. నట్టు బిగిసింది అని చెయ్యి చెప్పాక, పానా మీద ఇంకో చిన్న పట్టు. "కొసరెయ్యరా" అనేవాడు. బండివాళ్ళు కూడా పక్కన నిలబడి, "మేస్త్రీ, కొసరేశావా?" అని అడిగి మరీ బయల్దేరేవాళ్ళు. వెయ్యలేదంటే మొహం మాడ్చుకునేవాళ్ళు. ముప్పై ఏళ్ళ పాటు నేను బిగించిన ప్రతి నట్టుకీ కొసరు వేశాను.

నా వేలు

పొగడ్తలే రాస్తే నా గురించి మీకు తప్పు అభిప్రాయం కలుగుతుంది. నేను చేసిన వెధవ పని ఒకటి చెప్పి ముందుకు వెళతాను. శెట్టిగారు ఇవ్వనన్న చౌక సాకెట్ల సెట్టుని నేను పంతం పట్టి గుంటూరు వెళ్ళి కొనుక్కొచ్చాను. ఎర్ర రంగు డబ్బా, చూడ్డానికి కొత్త పెళ్ళికూతురు. మూడో వారంలో ఒక జీపు కింద పడుకుని పదిహేడో నంబరు లాగుతుంటే సాకెట్ చీలింది. నా చెయ్యి వెళ్ళి ఛాసిస్‌కి కొట్టుకుంది. కుడిచేతి మధ్యవేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. అన్నం కలుపుకునేటప్పుడు ఆ వేలొక్కటి పక్కకి నిలబడి ఉంటుంది. మా ఆవిడ దాన్ని "గుంటూరు వేలు" అంటుంది.

శెట్టిగారికి తెలిసి ఆసుపత్రికి వచ్చాడు. చివాట్లు పెడతాడేమో అని నేను అటు తిరిగి పడుకున్నాను. ఆయన బత్తాయిలు పెట్టి, "నీకు నేను సరిగ్గా చెప్పలేకపొయ్యానయ్యా, ఇయ్యనన్నా గాని, అది చీలి చెయ్యి పోద్దని చెప్పలా" అని వెళ్ళిపోయాడు. తప్పు నాదైతే ఆయన తన నెత్తిన వేసుకోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

ఏడో బోల్టు

ఇప్పుడు అసలు సంగతి. ఇది కొన్నేళ్ళ కిందటిది.

వెల్దుర్తిలో హనుమయ్య అని ఒకాయన ఉండేవాడు. పాత డీజిల్ కారు కిరాయికి తిప్పేవాడు. నేను బావా అని పిలిచేవాణ్ణి, ఆయన భార్య శివమ్మని అక్కా అనేవాణ్ణి. అక్కకు కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి రెండు రోజులు, సోమవారం, గురువారం, పొద్దున్నే ఏడింటికల్లా నరసరావుపేటలో డయాలసిస్ మిషను దగ్గర ఉండాలి. ఆమెకు సీటు దొరికింది ఇక్కడే. ఆ రెండు రోజులూ హనుమయ్య వేరే కిరాయిలు ఒప్పుకునేవాడు కాదు. వెనకసీట్లో దిండు వేసి పడుకోబెట్టి తెచ్చేవాడు, మళ్ళీ అలాగే తీసుకెళ్ళేవాడు.

ఒక సోమవారం డయాలసిస్ అయ్యి తిరిగి వెళ్ళేటప్పుడు నరసరావుపేట దాటాక కారు వేడెక్కి ఆగిపోయింది. హెడ్ గ్యాస్కెట్ పోయింది. అంటే ఇంజను పైభాగానికీ కిందభాగానికీ మధ్య ఉండే రేకు కాలిపోయి, నీళ్ళు నూనెలో కలిసిపోయాయి. కారుని తాడు కట్టి నా షెడ్డుకు తెచ్చారు. అక్కని బస్సులో పంపించారు. సీటు దొరక్క కొంతదూరం నిలబడి వెళ్ళిందట. దార్లో రెండుసార్లు వాంతి చేసుకుని, మాచర్లలో దిగి బస్టాండు అరుగు మీద పడిపోయిందని హనుమయ్య మర్నాడు చెప్పాడు.

"తమ్ముడూ, ఇంకోసారి బస్సంటే ఆవిడ రాదు. రానంటంది. గురువారం తప్పితే మళ్ళీ సోమవారమే. అన్నాళ్ళు నీరు పడితే ఊపిరాడదు, డాక్టరు ముందే చెప్పాడు. బుధవారం సాయంత్రానికి నాకు బండి కావాల. ఏం చేస్తావో చెయ్యి."

చేస్తానని మాటిచ్చాను. హెడ్ విప్పి, మిషను మీద చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ తెప్పించాను. బుధవారం పొద్దున తొమ్మిదింటికల్లా హెడ్ ఎక్కించాను. నాకు చాలా ధీమాగా ఉంది, ఎందుకంటే అప్పటికి ఆర్నెల్ల కిందటే నేను టార్క్ రెంచి కొన్నాను. బోల్టు ఎంత బలంతో బిగించాలో ముందే రెంచిలో పెట్టుకుంటాం, అంతవరకూ రాగానే క్లిక్‌మంటుంది, ఆపెయ్యాలి. నా జీవితంలో నేను కొన్న అతి ఖరీదైన చేతి పనిముట్టు అదే. శెట్టిగారి అబ్బాయి హైదరాబాదు నుంచి తెప్పించి ఇచ్చాడు.

పది బోల్టులు. వరస ప్రకారం, మూడు దఫాలుగా బిగించాను. పదీ క్లిక్‌మన్నాయి. హనుమయ్య పక్కనే స్టూలు మీద కూర్చుని ఒక్కో క్లిక్‌నీ లెక్కపెట్టాడు. పదోది అయ్యాక ఆయన నా వైపు చూశాడు. నేనేం ఆలోచించలేదు. రెంచి పక్కన పెట్టి, పొడుగు రాడ్డు తగిలించి, మొదటి బోల్టు దగ్గర్నుంచి కొసరు వెయ్యడం మొదలుపెట్టాను.

ఒకటి, రెండు, మూడు. ఆరు. ఏడో బోల్టు దగ్గర చేతికి మెత్తగా తగిలింది. తిరుగుతోంది గానీ బిగియడం లేదు. ఆపాల్సింది. ఆపలేదు. టప్‌మంది.

అంత ఖరీదు పెట్టి కొన్న రెంచి ఎక్కడ ఆపాలో చెప్పింది. దాని మాట వినకపోతే అది కొన్నది దేనికి? ఆ ప్రశ్న అప్పుడు తట్టలేదు. హెడ్ మళ్ళీ విప్పాను. గ్యాస్కెట్ ఒకసారి నలిగితే మళ్ళీ పనికిరాదు, పక్కన పడేశాను. విరిగిన బోల్టు ముక్క ఇంజను బ్లాకులో, నాలుగు వేళ్ళ లోతున, చీకట్లో ఉంది. హనుమయ్య లేచి నిలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఎడమ తిరుగుడు

విరిగిన బోల్టుని తియ్యడానికి ఒక పనిముట్టు ఉంది. ముక్కకి మధ్యలో సన్నటి రంధ్రం వేసి, ఎదురు మరలున్న చిన్న కడ్డీని అందులోకి దించి తిప్పితే ముక్క బయటికి వస్తుంది. నా దగ్గర చౌక రకం సెట్టు ఒకటి ఉంది. ఎప్పుడో ఒకసారి వాడేదానికి మంచిది ఎందుకని కొన్నది. దాన్ని తీసి సుత్తి అందుకోబోతూ, ఏ బుద్ధి పుట్టిందో, ముందు మస్తాన్ మేస్త్రికి ఫోన్ చేసి, బోల్టు విరిగిందనీ, రేపు పొద్దున్నే అక్క మిషను దగ్గర ఉండాలనీ చెప్పాను. ఆయన పని మానేసి అప్పటికి ఏడెనిమిదేళ్ళయింది. "ఏది ముట్టుకోమాక. వస్తన్నా" అని పెట్టేశాడు.

మనవడి బండి వెనక కూర్చుని వచ్చాడు. చంకలో ఒక చిన్న తోలు సంచి. వచ్చీ రాగానే నా చేతిలో కడ్డీ లాక్కుని వెలుతురులో పెట్టి చూశాడు.

"ఇది లోపల ఇరిగితే ఏం చేస్తావురా? బోల్టు కన్నా ఇది గట్టిది. ఏ డ్రిల్లూ దీన్ని తినదు. అప్పుడు బ్లాకు గుంటూరు పోవాల. వారం పడద్ది. ఆమెకి వారం ఉందా?"

ఆయన సంచి విప్పి, నూనె గుడ్డలోంచి ఒక డ్రిల్ బిట్టు తీశాడు. మామూలు బిట్టు కాదు, బోల్టు ఊడే వైపుకే, అంటే ఎడమవైపుకి, తిరుగుతూ తొలిచే బిట్టు. ఎప్పుడో ఆయనే ఒక చౌక కడ్డీని ఒకరి ఇంజనులో విరగ్గొట్టి, ఆ బ్లాకు చెడగొట్టి, ఆ తర్వాత మనిషిని పంపి తెప్పించుకున్న సామాను అది. అన్నేళ్ళలో దాన్ని ఎన్నిసార్లు వాడావని అడిగితే, వేళ్ళ మీద లెక్కపెట్టి, "ఇది అయిదోసారి" అన్నాడు.

తమ్ముళ్ళూ, ఇక్కడ కాసేపు ఆగండి. రోజూ వాడేది మంచిది కొనండి, అరుదుగా వాడేది చౌకది చాలు అని అందరూ చెబుతారు. నేనూ అందరికీ అదే చెప్పేవాణ్ణి. అది సగమే నిజం. ఎన్నిసార్లు వాడతాం అనేది ఒక లెక్క. వాడిన రోజున రెండో అవకాశం ఉంటుందా అనేది ఇంకో లెక్క. ఈ రెండో లెక్క నాకు ఆ పూటే తెలిసింది, అదీ నా దగ్గర లేని ఒక బిట్టుని చూసి.

పక్కనున్న లేతు షెడ్డులో గొట్టం లాంటి చిన్న ఇత్తడి బుష్షు కోయించాం. అది రంధ్రంలో కూర్చుంటే డ్రిల్లు పక్కకి పోకుండా ముక్క మధ్యలోనే దిగుతుంది. మేస్త్రి చేతులు వణుకుతున్నాయి, డ్రిల్లు నన్ను పట్టుకోమన్నాడు. తను మాత్రం బ్లాకు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "మెల్లిగా. ఇంకా మెల్లిగా. అది తొలిచేది తక్కువ, లాగేది ఎక్కువ. దాని పని దాన్ని చేసుకోనీ." హనుమయ్య టార్చి పట్టుకున్నాడు. ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి మేస్త్రి, "కదిలింది" అన్నాడు. నాకేమీ తెలియలేదు, ఆయన అరచేతికి తెలిసింది. రెండు క్షణాల తర్వాత ముక్క బిట్టుతోపాటు తిరుగుతూ పైకి వచ్చింది. బ్లాకు మరలు చెక్కుచెదరలేదు. హనుమయ్య టార్చి కింద పెట్టి మొహం తుడుచుకున్నాడు.

అప్పుడు అడిగాడు మేస్త్రి, ఎట్టా ఇరిగిందిరా అని. చెప్పాను. క్లిక్‌మన్నాక కొసరు వేశానని. తిడతాడని తల వంచుకున్నాను. ఆయన నన్నొదిలేసి హనుమయ్య వైపు తిరిగాడు.

"అయ్యా, తప్పు ఈడిది కాదు, నాది. కొసరు నేర్పింది నేను. ఆ రోజుల్లో చేతి అంచనాకి బిగించేవాళ్ళం, ఎప్పుడూ తక్కువే బిగించేవాళ్ళం, అందుకని కొసరు పనికొచ్చేది. ఈడు ఆ రెంచి కొన్నాడని తెలిసి కూడా, ఇంక కొసరు మానరా అని వచ్చి ఒక మాట చెప్పలా నేను. చెప్పాల్సింది."

డెబ్బై దాటిన మనిషి, జిల్లాలో సగం షెడ్లవాళ్ళకి గురువు, ఒక కిరాయి కారు డ్రైవరు ముందు, నేను చేసిన తప్పుకి తను చేతులు జోడించాడు. నేను చాలామంది యజమానుల్ని, పై అధికారుల్ని చూశాను. తప్పు కిందకి దొర్లించేవాళ్ళే అందరూ. తమ పైన వేసుకున్నవాళ్ళు నా జీవితంలో ఇద్దరే, ఒకరు శెట్టిగారు, ఒకరు ఈయన. వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టినా తప్పులేదు.

గుంటూరు నుంచి బస్సులో కొత్త బోల్టులు, ఇంకో గ్యాస్కెట్ మూడింటికి వచ్చాయి. మళ్ళీ వరస ప్రకారం బిగించాను. పదీ క్లిక్‌మన్నాయి. కొసరు కోసం చెయ్యి జిలపెట్టింది. మేస్త్రి నా వైపు చూడలేదు, బీడీ వెలిగించుకుంటున్నాడు. రెంచి గుడ్డలో చుట్టి లోపల పెట్టేశాను. ఎండ దిగకముందే కోటప్పకొండ దాకా వెళ్ళి వచ్చాం. కారు చల్లగా నడిచింది. హనుమయ్య అట్నుంచి అటే వెల్దుర్తి బయల్దేరాడు.

గురువారం

నీళ్ళు కారుతున్నాయేమో చూస్తాను, తిరిగి వెళ్ళేటప్పుడు షెడ్డు దగ్గర ఆగమని చెప్పాను. మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చారు. అక్క వెనకసీట్లో ఒరిగి కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది గానీ, కళ్ళు తేటగా ఉన్నాయి. నేను బానెట్ ఎత్తి చూశాను. ఎక్కడా చెమ్మ కూడా లేదు. మూసేయబోతుంటే హనుమయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు.

"తమ్ముడూ, ఏమనుకోమాక. దూరం పోవాల. తలా ఒక పట్టు పట్టకూడదా? కొంచెం. నా తృప్తికి."

నిన్న అంత జరిగినా అడిగాడు. నాకు కోపం రాలేదు. ఆయన అడిగేది బోల్టు గురించి కాదని నాకు తెలుసు. వెనకసీట్లోంచి అక్క మాట్లాడింది.

"ఏమయ్యా, ఆ మిషను కాడ నాలుగు గంటలు పడుకుంటా గదా నేను. ఎంత నీరు తియ్యాల్నో ఆ నర్సు పిల్ల ముందే మీటర్లో పెడద్ది. అంత రాంగానే మిషను కూతేస్తది, ఆపేస్తది. ఒకరోజు నేనే అడిగా, ఇంకొంచెం తియ్యమ్మా, రేపటికి కూడా తేలిగ్గా ఉంటదని. ఆ పిల్ల వొద్దంటున్నా బతిమాలి తీయించుకున్నా. కాళ్ళు గుంజుకుపొయ్యి, కళ్ళు తిరిగి, చచ్చి బతికా. నీకు చెప్పలా, భయపడతావని. కూతేసిన కాడ ఆపాల. ఆపనీ ఆ అబ్బాయిని."

హనుమయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను బానెట్ మూశాను. నలభై ఏళ్ళలో ఎన్నో పనిముట్లు కొన్నాను. కొలత పాటించడం మాత్రం అరగ్లాసు నీళ్ళు కొలిచి తాగి బతికే ఆ తల్లి దగ్గర నేర్చుకున్నాను. ఆ రోజు నుంచి నా షెడ్డులో క్లిక్ తర్వాత ఎవరూ కొసరు వెయ్యలేదు. అడిగినవాళ్ళకి వెయ్యనని చెప్పాను. కొందరు అలిగి వేరే షెడ్డుకు వెళ్ళారు, వెళ్ళనిచ్చాను.

మస్తాన్ మేస్త్రి ఆ బిట్టుని మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళలేదు. నా పెట్టెలో పెట్టి వెళ్ళాడు. నేను దాన్ని రెండుసార్లు వాడాను. ఇప్పుడది మా మేనల్లుడి దగ్గర ఉంది. నూట ఎనిమిది ముక్కల సెట్టు వాడు కొనలేదు. అయిదు సాకెట్లు కొన్నాడు.

శివమ్మక్క ఆ తర్వాత నాలుగేళ్ళకు పైగా బతికింది. ఆమె పోయిన నెల్లాళ్ళకి హనుమయ్య బావ షెడ్డుకు వచ్చాడు. ఇంక వారానికి రెండుసార్లు రావాల్సిన పని లేదు, కారు ఎవరికైనా చూసి అమ్మిపెట్టమన్నాడు. వెనకసీట్లో దిండు అలాగే ఉంది. నేను బానెట్ ఎత్తి, ఇంజను మీద దుమ్ము తుడుస్తూ నిలబడ్డాను. ఆయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"వాగు పొంగి ఒకసారి మిషను తప్పింది తమ్ముడూ. ఆవిడకి జరమొచ్చి ఇంకోసారి తప్పింది. బండి వల్ల ఒక్కరోజు కూడా తప్పలా."